ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ కింద నీళ్లు: టబ్బు మార్పించే ముందు ఇవి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నిజాంపేటలో అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. 7 కిలోల ఫ్రంట్ లోడ్ మెషీన్, కొని నాలుగేళ్లు దాటింది. బట్టలు ఉతికాక మెషీన్ ముందు నీళ్లు నిలుస్తున్నాయి, అదీ ప్రతిసారీ కాదు. వచ్చిన మెకానిక్ టార్చి వేసి చూసి "టబ్బు పోయింది, అసెంబ్లీ మొత్తం మార్చాలి" అన్నారు. వాడేది బోరు నీళ్లు. ఆయన చెప్పింది నమ్మాలా, ఇంట్లోనే ఏమైనా చేసుకోవచ్చా అని మీ ప్రశ్న.

ముందుగా సమాధానం చెప్పేస్తాను. ఇప్పుడే టబ్బు (బట్టలు తిరిగే డ్రమ్ము చుట్టూ నీళ్లు పట్టి ఉంచే పెద్ద తొట్టి) మార్పించకండి. మీరు రాసిన లక్షణాలను బట్టి టబ్బు మీద నాకు అనుమానం తక్కువ. ఒకసారి కారి ఒకసారి కారకపోతే పౌడర్ వేసే డ్రాయరో, తలుపు దగ్గరి రబ్బరు గ్యాస్కెట్టో, కింద డ్రెయిన్ ఫిల్టర్ మూతో, లేదంటే మెషీన్‌తో సంబంధమే లేని, మీ బాల్కనీ నేలలో నీళ్లు పోయే జాలీయో కారణం అయి ఉంటుంది. ఈ నాలుగూ ఒక స్క్రూ డ్రైవర్, ఒక ప్లయర్, పాత టూత్ బ్రష్, సెల్ ఫోన్ టార్చితో మీరే చూసుకోగలరు. టబ్బు సీలు, బేరింగు మాత్రం ఇంట్లో చేసే పని కాదు. అది పోయిందో లేదో తెలుసుకోవడం మాత్రం మీ చేతిలో పనే, ఎలాగో కింద రాశాను.

ఈ రిపేర్లు నేను మొదట విజయవాడలో, తర్వాత హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా చేస్తున్నాను. లీకు అనగానే అందరూ "ఎక్కడ కారుతోంది?" అని వెతుకుతారు. నేను ఇంట్లో అడుగు పెట్టగానే అడిగేది "ఎప్పుడు కారుతోంది?" అని. నీళ్లు కారిన చోటే నిలవవు. నేల ఎటు వాలుగా ఉంటే అటు పోతాయి. వెనక పైపు నుంచి కారిన చుక్క మెషీన్ అడుగు రేకు పట్టుకుని ముందుకు వచ్చి, కుడి కాలు దగ్గర మడుగు కడుతుంది. బాల్కనీ నేల వాలు జాలీ వైపు ఉంటుంది కాబట్టి అన్ని లీకులూ చివరికి ఒకే చోట కనిపిస్తాయి. మడుగు చూసి పార్టు మారిస్తే డబ్బు పోతుంది, లీకు అలాగే ఉంటుంది. సమయం అయితే తప్పుదారి పట్టించదు. మెషీన్ ఒక్కో దశలో కొన్ని భాగాలనే వాడుతుంది. నీళ్లు పట్టేటప్పుడు ఒక దారి, ఉతికేటప్పుడు ఒక దారి, నీళ్లు వదిలేటప్పుడు ఇంకో దారి.

కాబట్టి రేపు తీరిక ఉన్నప్పుడు ఈ పరీక్ష చేయండి. మెషీన్ కింద, చుట్టూ నేలంతా పొడి గుడ్డతో తుడిచి, పాత న్యూస్ పేపర్లు పరవండి. పేపరు ఎక్కడ మొదట తడిసిందో స్పష్టంగా కనిపిస్తుంది. డ్రెయిన్ పైపును జాలీలోంచి తీసి పెద్ద బకెట్లో పెట్టండి, పైపు మెషీన్ పై అంచు దాకా ఒకసారి లేచి, తర్వాత బకెట్లోకి దిగేలా కట్టండి. పైపు ఎగిరి బయటకు వచ్చేస్తే ఇల్లంతా నీళ్లవుతుంది కాబట్టి కట్టడం మర్చిపోవద్దు. బకెట్ నిండకుండా ఇంకో బకెట్ దగ్గర ఉంచుకోండి. బట్టలు లేకుండా, పౌడర్ లేకుండా ఒక చిన్న ప్రోగ్రామ్ పెట్టి పక్కన కూర్చోండి. ఫోన్‌లో టార్చి వెలిగించి, వీడియో ఆన్ చేసి, మెషీన్ కిందికి తోసి ఉంచితే మన కంటికి అందనిది కూడా దొరుకుతుంది. ఫోన్‌ను ఒక ప్లాస్టిక్ కవర్‌లో పెట్టండి. ఖాళీగా తిప్పినప్పుడు కారకపోతే రెండోసారి బట్టలు, పౌడర్ వేసి ఇదే చేయండి. ఆ తేడా కూడా మనకు ఆధారమే.

మొదలుపెట్టే ముందు కరెంటు సంగతి. దీని గురించి తేలిగ్గా మాట్లాడలేను. ఫ్రంట్ లోడ్‌లో నీళ్లు వేడి చేసే హీటర్ ఒక్కటే సుమారు 2 కిలోవాట్లు ఉంటుంది. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి, ప్లగ్ పెట్టి ఉన్న మెషీన్ రేకు విప్పకండి. మూత గానీ ప్యానెల్ గానీ తీసే ముందు స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్ ఊడదీయాలి. మెషీన్ ముట్టుకుంటే ఎప్పుడైనా జివ్వుమన్నట్టు అనిపించిందా? అయితే లీకు వెతకడం ఆపేసి, ముందు ఎర్తింగ్ చూపించండి. 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తు, బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) ఉంటే నిశ్చింతగా పని చేసుకోవచ్చు. ఇంకో మాట, ఫ్రంట్ లోడ్ మెషీన్‌లో కదలకుండా ఉండటానికి కాంక్రీట్ దిమ్మలు పెడతారు. చాలా మోడళ్లు 60 కిలోల పైనే తూగుతాయి. ఒక్కరే వంచి కిందికి చూడాలని ప్రయత్నించకండి.

ఇక ఏ దశలో కారితే ఏమిటో చెబుతాను.

నీళ్లు పట్టేటప్పుడే కారితే నల్లా దగ్గర మొదలుపెట్టండి. ఇన్‌లెట్ పైపు రెండు చివర్లా ముప్పావు అంగుళం ప్లాస్టిక్ నట్టు, దాని లోపల ఒక రబ్బరు వాషర్ ఉంటాయి. ఆ వాషర్ నాలుగేళ్లలో గట్టిపడి పలకలా అవుతుంది. కొత్త వాషర్ వేసి నట్టు చేత్తో బిగించి, ప్లయర్‌తో ఇంకో పావు చుట్టు తిప్పితే చాలు. బలంగా బిగిస్తే నట్టుకు కంటికి కనిపించని పగులు వస్తుంది, అది వారం తర్వాత రాత్రిపూట తెరుచుకుంటుంది. టెఫ్లాన్ టేపు నల్లాకి, అడాప్టర్‌కి మధ్య మరకు చుట్టండి. వాషర్ ఉన్న నట్టుకు దానితో పనిలేదు, అక్కడ నీళ్లను ఆపేది వాషరే. మన ఇళ్లలో నాలుగు చిన్న స్క్రూలతో నల్లా మూతికి బిగించే అడాప్టర్లు పెడుతుంటారు. నీళ్ల ఒత్తిడి పెరిగినప్పుడల్లా అవి కొంచెం కొంచెం జారుతాయి. వీలుంటే మెషీన్ కోసం మర ఉన్న నల్లా వేరుగా పెట్టించండి. ప్లంబర్‌కి అది చిన్న పని.

నల్లా దగ్గర పొడిగా ఉండి, మెషీన్ ముందు వైపు ఎడమ పక్క పైనుంచి ధారలాగా దిగుతుంటే అది డ్రాయర్. మీ విషయంలో నా మొదటి అనుమానం దీని మీదే, కారణం చెబుతాను. డ్రాయర్ పెట్టే గూడు పైకప్పులో చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి నీళ్లు జల్లులా పౌడర్ మీద పడతాయి. హైదరాబాద్ చుట్టుపక్కల నేలంతా గ్రానైట్ రాయి, బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. నాలుగేళ్లలో ఆ రంధ్రాల చుట్టూ తెల్లటి పొర కట్టి, కిందికి పడాల్సిన నీళ్లు పక్కకు చిమ్ముతాయి. డ్రాయర్ అంచు మీదుగా బయటకు వచ్చి, ముందు ప్యానెల్ వెనకగా కిందికి జారి, నేల మీద మడుగు అవుతాయి. అపార్ట్‌మెంట్లలో నీళ్ల ఒత్తిడి రోజంతా ఒకేలా ఉండదు. పైన ట్యాంకు నుంచి మామూలుగా వచ్చే నీళ్లకు 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్ ఒత్తిడి ఉంటుంది. ప్రెషర్ పంపు ఆన్ అయితే అది బాగా పెరుగుతుంది. పంపు నడిచే వేళ ఉతికితే కారుతుంది, మధ్యాహ్నం ఉతికితే కారదు.

బాచుపల్లిలో ఒక ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. వాళ్లు అప్పటికే వేరే మెకానిక్‌తో గ్యాస్కెట్ మార్పించారు, అయినా లీకు ఆగలేదు. నేను అడిగిన మొదటి ప్రశ్నకు ఆ ఇంటి అమ్మమ్మ గారు జవాబు చెప్పారు. "పొద్దున వేస్తే కారుతుంది నాయనా, సాయంత్రం వేస్తే లేదు" అన్నారు. డ్రాయర్ తీసి గూడు పైకప్పు చూస్తే సగం రంధ్రాలు మూసుకుపోయి ఉన్నాయి. టూత్ బ్రష్‌తో, నిమ్మ ఉప్పు కలిపిన వేడి నీళ్లతో రుద్ది, నల్లా కొంచెం తగ్గించి పెట్టాను. అంతే, పార్టు ఏదీ మార్చలేదు. మీరు కూడా ఏ రోజు ఏ వేళ కారిందో ఒక కాగితం మీద రాసుకోండి.

డ్రాయర్ మధ్యలో గుడ్డను మెత్తబరిచే ద్రావకం పోసే గది ఉంటుంది కదా, నీలం రంగులోనో తెలుపులోనో ఉండే దాని చిన్న మూత కూడా ఊడదీసి కడగండి. అది మూసుకుపోతే ఆ గది నిండి పొంగుతుంది. డ్రాయర్ పూర్తిగా బయటకు రావాలంటే లోపల ఒక నొక్కుడు బిళ్ల ఉంటుంది, దాన్ని నొక్కి లాగండి. బలవంతంగా లాగితే విరుగుతుంది.

స్విచ్ ఆపేసినా నీళ్లు డ్రమ్ములోకి చేరుతుంటే అది ఇన్‌లెట్ వాల్వ్. ఇసుక రేణువు ఇరుక్కుంటే వాల్వ్ పూర్తిగా మూసుకోదు. రాత్రంతా చుక్క చుక్కగా నిండి తెల్లారేసరికి గ్యాస్కెట్ మీదుగా పొంగుతుంది. దీన్ని కనిపెట్టడం చాలా తేలిక. ప్లగ్ తీసేసి, నల్లా తెరిచి ఉంచి, గంట తర్వాత డ్రమ్ములో చూడండి. నీళ్లు చేరితే వాల్వ్ మార్చాలి. మార్చేదాకా పని అయిన ప్రతిసారీ నల్లా కట్టేయండి. నిజానికి వాల్వ్ బాగున్నా సరే, ఇంట్లో ఎవరూ లేనప్పుడు నల్లా కట్టి ఉంచే అలవాటు అందరికీ ఉండాలని నేను గట్టిగా చెబుతాను. పైపు పగిలితే మీ ఇల్లే కాదు, కింది ఫ్లాటు సీలింగ్ కూడా తడుస్తుంది.

నీళ్లు పట్టాక, డ్రమ్ము తిరుగుతున్నప్పుడు కారితే తలుపు గ్యాస్కెట్ చూడండి. బూడిద రంగు రబ్బరు మడతను రెండు వేళ్లతో విప్పి, కింది భాగం నుంచి మొదలుపెట్టి చుట్టూ తడమండి. అక్కడ దొరికేవి నాకు కంఠస్థం: పిన్నీసులు, జాకెట్ హుక్కులు, జడ పిన్నులు, చొక్కా జేబులోని చిల్లర. పెళ్లిళ్ల సీజన్ అయిపోయాక అయితే పట్టుచీరల పక్కన ఉతికిన పంచెల మడతల్లోంచి అక్షింతలు కూడా వస్తాయి. బియ్యపు గింజ రబ్బరును కోయదు గానీ ఫిల్టర్‌లో నాని ఉబ్బి కూర్చుంటుంది. పిన్నీసు మాత్రం రబ్బరును చీలుస్తుంది. చీలిక కింది వైపు ఉంటే నీళ్లు పట్టినప్పటి నుంచీ కారుతుంది. పై వైపు ఉంటే డ్రమ్ము వేగంగా తిరిగి నీళ్లు చిమ్మినప్పుడే కారుతుంది.

చీలిక లేకపోయినా గ్యాస్కెట్ కారొచ్చు. అద్దం అంచు మీద, రబ్బరు పెదవి మీద వెంట్రుకలు, దూది, సున్నపు పొర పేరుకుంటే రెండూ సరిగా అతుక్కోవు. తడిగుడ్డకు కొంచెం నిమ్మ ఉప్పు నీళ్లు అద్ది అద్దం చుట్టూ, రబ్బరు చుట్టూ తుడవండి. చాలా ఇళ్లలో ఇంతటితోనే లీకు ఆగిపోతుంది. బట్టలు ఎక్కువ కుక్కితే ఒక రుమాలు అంచు తలుపు సందులో ఇరుక్కుంటుంది, ఆ గుడ్డ పట్టుకుని నీళ్లు బయటకు వస్తాయి. "ఒకసారి కారి ఒకసారి కారదు" అన్న మాటకు ఇదీ ఒక కారణమే.

చిన్న చీలికకు చాలామంది ఫెవిక్విక్ పూస్తారు. వద్దు. అది రాయిలా గట్టిపడి, డ్రమ్ము ఊగినప్పుడు చీలికను ఇంకా పెద్దది చేస్తుంది. పై భాగంలో అర అంగుళం లోపు చీలిక అయితే సైకిల్ పంక్చర్ ప్యాచీ, రబ్బరు సొల్యూషన్ లోపలి వైపు వేసి ఒక రోజు ఆరనిస్తే కొత్త గ్యాస్కెట్ వచ్చేదాకా నెట్టుకురావచ్చు. కింది భాగంలో చీలితే మార్చడమే.

గ్యాస్కెట్ మార్చడం ఓపిక ఉన్నవాళ్లు చేసుకోగల పని, మొదటిసారి ఒక పూట పడుతుంది. మోడల్ నంబర్ తలుపు లోపలి అంచు మీదో వెనకో ఉంటుంది. అది చూపించి కొనండి, "7 కిలోలది ఇవ్వండి" అంటే సరిపోయేది రాదు. ప్లగ్ తీశాక, ముందు వైపు రబ్బరు చుట్టూ ఉన్న తీగ రింగును దాని స్ప్రింగు దగ్గర స్క్రూ డ్రైవర్‌తో ఎత్తి తీయండి. రబ్బరు బయటి పెదవి ఊడుతుంది. తలుపు లాక్ స్క్రూలు విప్పి లాక్‌ను లోపలికి వదలండి. తర్వాత టబ్బు మీద ఉన్న రెండో రింగు, ఇది కొన్ని మోడళ్లలో స్క్రూతో, కొన్నింటిలో స్ప్రింగుతో ఉంటుంది. కొన్ని మోడళ్లలో ముందు ప్యానెల్ మొత్తం విప్పితే గానీ ఈ రింగు అందదు. అలాంటిదైతే ఆపేసి మెకానిక్‌ని పిలవండి. పాతది తీసే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోవాలి. కొత్త రబ్బరు మీద ఒక త్రికోణం గుర్తు ఉంటుంది, టబ్బు మీద పైన ఉన్న గుర్తుతో అది కలవాలి. రబ్బరు మడతలోని చిన్న రంధ్రాలు సరిగ్గా అడుగున ఉండాలి. ఆ రంధ్రాల్లోంచే మడతలో నిలిచిన నీళ్లు టబ్బులోకి తిరిగి పోతాయి. అవి పక్కకు తిరిగితే మడతలో ఎప్పుడూ మురుగు నిలిచి వాసన వస్తుంది. రబ్బరు ఎక్కకపోతే గిన్నెలు కడిగే లిక్విడ్ కొంచెం రాయండి, నూనె మాత్రం రాయకండి.

ఖాళీగా తిప్పితే కారకుండా, పౌడర్ వేస్తే కారితే అది నురగ. ఫ్రంట్ లోడ్ మెషీన్ తక్కువ నీళ్లతో ఉతుకుతుంది, చేత్తో ఉతికే పౌడర్ దానిలో వేస్తే నురగ టబ్బు నిండి డ్రాయర్ లోంచి, గ్యాస్కెట్ లోంచి, వెనక గాలి గొట్టం లోంచి బయటకు తోసుకువస్తుంది. ఆరిన తర్వాత తెల్లటి చారిక మిగులుతుంది. ఆ చారిక ఎక్కడి నుంచి మొదలైందో చూస్తే నురగ దారి తెలిసిపోతుంది. ప్యాకెట్ మీద ఫ్రంట్ లోడ్ అని ఉన్న పౌడరే వాడండి. బోరు నీళ్లలో నురగ తక్కువ వస్తుంది కాబట్టి ఇంట్లో పౌడర్ ఎక్కువ వేయడం అలవాటైపోతుంది. తర్వాత మంజీరా నీళ్లో కృష్ణా నీళ్లో వచ్చిన రోజు అదే కొలత వేస్తే పొంగుతుంది. మీ అపార్ట్‌మెంట్‌లో రెండు రకాల నీళ్లూ కలుస్తుంటే ఇది తప్పకుండా గమనించండి.

నీళ్లు వదిలేటప్పుడే కారితే వెతికే చోటు కిందికి మారుతుంది. ముందు వైపు కింద కుడి మూల చిన్న తలుపు ఉంటుంది, దాని వెనక డ్రెయిన్ ఫిల్టర్. ఈమధ్య ఎవరైనా దాన్ని శుభ్రం చేశారా? చేస్తే, మూత మర తప్పుగా ఎక్కి ఉండొచ్చు, లేదా మూత చుట్టూ ఉన్న రబ్బరు రింగు మీద ఒక వెంట్రుక ఉండొచ్చు. ఒక్క వెంట్రుక చాలు చుక్క చుక్కగా కారడానికి. పళ్లెం పెట్టి, పక్కన ఉన్న సన్నటి గొట్టంతో ముందు నీళ్లన్నీ వదిలేసి, అప్పుడు మూతను ఎడమకు తిప్పి తీయండి. వేడి నీళ్ల ప్రోగ్రామ్ అయిన వెంటనే తీయొద్దు, చేతులు కాలతాయి. రింగు తుడిచి, మర నిటారుగా ఎక్కేలా నెమ్మదిగా తిప్పండి.

వెనక ముడతల డ్రెయిన్ పైపును చేతుల్లో వంచి చూడండి, ముడతల మధ్య పగులు వంచితేనే కనిపిస్తుంది. పక్కనే ఎలుకల సంగతి. బాల్కనీలో ఉండే మెషీన్లకు నేను చూసే లీకుల్లో ఎలుక కొరికిన పైపులు తక్కువేం కాదు. మియాపూర్‌లో ఒకరింట్లో పంపు పోయిందని కొత్త పంపు వేశారు, అయినా కారుతోంది. పైపు పైభాగంలో, గోడ వైపు, బఠానీ గింజంత రంధ్రం ఉంది. నీళ్లు పంపు తోసినప్పుడే ఆ ఎత్తుకు చేరతాయి కాబట్టి ఉతికినంతసేపూ పొడిగా ఉండి, వదిలేటప్పుడు మాత్రం చిమ్మేది. పైపుకు టేపు చుట్టి సరిపెట్టుకోకండి, రెండు వందలో మూడు వందలో పెట్టి కొత్త పైపు వేయండి. మెషీన్ అడుగున రేకు లేకపోతే ఎలుకల జాలీ వేయించండి. ఎలుక వైర్లు కొరికితే వచ్చే ఖర్చు లీకుతో పోల్చలేనిది.

పరీక్షలో డ్రెయిన్ పైపును బకెట్లో పెట్టమన్నాను కదా. బట్టలు, పౌడర్ వేసి తిప్పినా బకెట్లో పెట్టినప్పుడు నేల పొడిగా ఉండి, పైపు జాలీలో పెడితేనే తడుస్తుంటే మీ మెషీన్‌లో లోపమే లేదు. డ్రెయిన్ పంపు నిమిషానికి 15 లీటర్లకు పైగా తోస్తుంది. బాల్కనీ జాలీ కింద ఉన్న ట్రాప్‌లో (మురుగు వాసన పైకి రాకుండా నీళ్లు నిలిచే గిన్నెలో) బట్టల నూలు, సబ్బు జిడ్డు పేరుకుని సగం మూసుకుపోతే అంత నీళ్లు ఒక్కసారిగా తీసుకోలేదు. పైకి తన్నుకొచ్చి మెషీన్ కిందికి పాకుతుంది. ఎక్కువ బట్టలు వేసిన రోజు పొంగుతుంది, తక్కువ వేసిన రోజు పొంగదు. జాలీ ఎత్తి, లోపలి గిన్నె తీసి కడగండి. ఇది పట్టించుకోకుండా మెషీన్ విప్పించుకున్న ఇళ్లు చాలా చూశాను, చూసిన ప్రతిసారీ బాధే వేస్తుంది.

డ్రెయిన్ పైపు ఎత్తు గురించి ఒక్క మాట. చాలా ఫ్రంట్ లోడ్లకు ఆ పైపు నేల నుంచి సుమారు 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తు దాకా లేచి, తర్వాత కిందికి దిగాలి. నేల మీద పరిచేస్తే నీళ్లు పడుతున్నప్పుడే సైఫన్ అయి, అంటే పంపు లేకుండానే పైపు లాగేసి, బయటకు పోతుంటాయి. మెషీన్ ఎంతకీ నిండదు, జాలీలోకి నీళ్లు పోవడం ఎంతకీ ఆగదు. మెషీన్ వెనక ఉన్న కొక్కానికి పైపును తగిలించి ఉంచండి.

ఇక మీ మెకానిక్ చెప్పిన టబ్బు విషయం. టబ్బు వెనక మధ్యలో డ్రమ్ము ఇరుసు బయటకు వచ్చే చోట ఒక రబ్బరు సీలు, దాని వెనక బేరింగులు ఉంటాయి. సీలు అరిగితే నీళ్లు బేరింగులోకి పోయి, గ్రీజు కడిగేసి, తుప్పు పట్టిస్తాయి. ఇది రాత్రికి రాత్రి జరగదు, ముందే చప్పుడు చేస్తుంది. ప్లగ్ తీసి, తలుపు తెరిచి, డ్రమ్మును చేత్తో తిప్పండి. గరగరమని రాళ్లు నలిగినట్టు వినిపిస్తే అనుమానించాలి. డ్రమ్ము పై అంచు పట్టుకుని పైకి ఎత్తండి. టబ్బుతో కలిసి డ్రమ్ము ఊగితే అది స్ప్రింగుల ఊపే, మామూలే. టబ్బు కదలకుండా డ్రమ్ము ఒక్కటే టకటకలాడితే బేరింగు వదులైంది. మెషీన్ వెనక ప్యానెల్ విప్పి చూస్తే టబ్బు మధ్య నుంచి కిందికి దిగిన గోధుమ రంగు తుప్పు చారిక కనిపిస్తుంది. ఉతికేటప్పుడు, తిరిగేటప్పుడు ఇది ఎప్పుడూ కారుతుంది, వెనక నుంచే కారుతుంది. స్పిన్‌లో విమానం లేచినట్టు మోత కూడా ఉంటుంది. మీరు మోత గురించి ఒక్క మాటా రాయలేదు, ప్రతిసారీ కారదు అన్నారు. అందుకే నేను నమ్మలేకపోతున్నాను.

ఒకవేళ నిజంగా సీలే పోతే కూడా అసెంబ్లీ అనేది ఒక్కటే దారి కాదు. ఈమధ్య చాలా మోడళ్లలో టబ్బు రెండు సగాలను కలిపి అతికించేస్తున్నారు, అందుకే సర్వీస్ సెంటర్లు మొత్తం మార్చాలంటాయి. స్క్రూలతో కలిపిన టబ్బు అయితే సీలు, రెండు బేరింగులు మాత్రమే మార్చవచ్చు, ఖర్చు బాగా తగ్గుతుంది. అయితే ఉప్పు నీళ్లకు డ్రమ్ము వెనక ఉండే మూడు కాళ్ల అల్యూమినియం భాగం తినేసి ఉందేమో చూడాలి. అది గుల్లబారి ఉంటే బేరింగు మార్చడం వృథా.

మెకానిక్ మళ్లీ వస్తే గొడవ పడాల్సిన పని లేదు. "అన్నా, ఏ దశలో కారుతుందో ఒకసారి మెషీన్ వేసి చూపించు, వెనక తుప్పు చారిక చూపించు, మార్చిన పాత పార్టు మాకే ఇవ్వు" అని అడగండి. పని తెలిసినవాళ్లు సంతోషంగా చూపిస్తారు. వారంటీ గానీ ఏఎంసీ (ఏడాది సర్వీసు ఒప్పందం) గానీ ఇంకా ఉంటే మాత్రం మీరు ప్యానెల్ స్క్రూలు ముట్టుకోకండి. డ్రాయర్, ఫిల్టర్, గ్యాస్కెట్ తుడవడం, నల్లా, పైపు వరకే మీ పని.

ఇదే సమస్య సెమీ ఆటోమేటిక్ మెషీన్‌తో ఉన్నవాళ్ల కోసం కొంచెం. జిల్లాల్లో ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నది అదే. ఉతికే టబ్బులో పోసిన నీళ్లు వాటంతట అవే పోతుంటే డ్రెయిన్ వాల్వ్ రబ్బరు కింద దారమో బొత్తామో ఇరుక్కుని ఉంటుంది, లేదా నాబ్‌కు కట్టిన తాడు బిగుసుకుపోయి వాల్వ్ పూర్తిగా మూసుకోదు. తీసి కడిగితే సరిపోతుంది. డ్రయ్యర్ వైపు నుంచి కారితే మాత్రం ఆ రోజే ఆపేయండి. స్పిన్ టబ్బు అడుగున ఉండే వాటర్ సీలు పోతే నీళ్లు నేరుగా కిందున్న మోటారు మీద పడతాయి. సీలు ఖరీదు చిన్నదే, మోటారుది కాదు, షాక్ కొట్టే ప్రమాదం వేరే. దాన్ని విప్పేవాళ్లు మోటారు పక్కనున్న కెపాసిటర్‌ను ముట్టుకోకూడదు, ప్లగ్ తీసినా దానిలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది.

లీకు దొరికి సరిచేశాక, పేపర్లు మళ్లీ పరిచి వరసగా రెండు సార్లు పూర్తి బట్టలతో వేసి చూడండి. ఒకటి పంపు నడిచే వేళ, ఒకటి నడవని వేళ. రెండుసార్లూ పేపరు పొడిగా ఉంటే, నెలకోసారి 100 గ్రాముల నిమ్మ ఉప్పు డ్రమ్ములో వేసి, బట్టలు లేకుండా 60 డిగ్రీల దగ్గర తిప్పడం మొదలుపెట్టండి. మీ బోరు నీళ్లకు అది అవసరం. ఆ సమయంలో బ్లీచింగ్ పౌడర్ గానీ బ్లీచ్ ద్రావకం గానీ కలపొద్దు, రెండూ కలిస్తే విష వాయువు వస్తుంది. తిప్పడం అయ్యాక తలుపు కాసేపు తెరిచి ఉంచి, గ్యాస్కెట్ కింది మడతను పొడి గుడ్డతో తుడిచి, నల్లా కట్టేయండి.